నలభై ఏళ్లకు తెరచిన పుస్తకం

దాదాపు వెయ్యేళ్ల క్రితం ఖురాసాన్ ప్రాంతంలోని మర్వ్ నగరంలో అబూ బక్ర్ అబ్దుల్లాహ్ అనే పనివాడు ఉండేవారు. తాళాలు చేయడం ఆయన వృత్తి. అందుకే లోకం ఆయనను ‘ఖఫ్ఫాల్’ అని పిలిచింది. నేడు తుర్క్‌మెనిస్తాన్‌లో శిథిలాలుగా మిగిలిన ఆ నగరం ఆ రోజుల్లో విద్యకు పెట్టింది పేరు.

చరిత్రకారుడు యాఖూత్ అల్ హమవీ ఆయన వృత్తాంతాన్ని వివరంగా వ్రాశారు. షాష్ నుండి వచ్చిన ఒక కమ్మరి అతి చిన్న తాళం చేసి ఊరందరినీ అబ్బురపరిచాడట. అబూ బక్ర్ దానికంటే చిన్నది చేసి చూపించారు. చూసినవారు మెచ్చుకున్నారు గాని, కీర్తి మాత్రం పరదేశికే దక్కింది. నొచ్చుకున్న ఆయనకు ఒక మిత్రుడు, కీర్తి తెచ్చేది విద్యేగాని తాళాలు కావని చెప్పాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై; కొందరు చరిత్రకారులు ముప్ఫై అన్నారు.

ఆయన ఒక గురువును ఆశ్రయించారు. ఇమామ్ ముజనీ సంక్షిప్త ఫిఖహ్ గ్రంథంలోని తొలి మూడు పదాలను గురువు నేర్పి పంపారు. ఇషా మొదలు తెల్లవారుజాము వరకు మేడమీద కూర్చొని అబూ బక్ర్ ఆ మూడు పదాలనే వల్లె వేశారు. చివరికి కునుకు పట్టింది. లేచేసరికి మూడూ మరచిపోయారు! గురువుకు ఏమని చెప్పాలో తోచక వీధిలోకి వస్తే పొరుగింటి స్త్రీ ఎదురై, రాత్రంతా ఆ మూడు మాటలతో మాకు నిద్ర లేకుండా చేశావని విసుక్కుంది. పోయిన పాఠం ఆమె నోట దొరికింది. జరిగినదంతా గురువుకు విన్నవించగా, ఆయన నిరుత్సాహపడవద్దని ధైర్యం చెప్పారు. హిజ్రీ 417 (క్రీ.శ. 1026)లో పరమపదించేనాటికి ఖఫ్ఫాల్ మర్వజీ ఖురాసాన్ షాఫయీ పండితులకు పెద్ద దిక్కు.

కీర్తికాంక్షతో మొదలైన చదువు కదా అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. సంకల్పశుద్ధి అవసరమే. కాని మూడు పదాల కోసం ఒక రాత్రంతా మేలుకొనేలా చేసేది కీర్తి ఒక్కటే కాదనిపిస్తుంది. చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు, ఆయన ఇమామ్ కావడంకంటే, పాఠం మరచిన ఉదయాన మళ్లీ గురువు ముంగిట నిలవడమే గొప్పగా తోస్తుంది. పెద్ద వయస్సు విద్యార్థులు చదువు మానేసేది సరిగ్గా ఆ ఉదయమే.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై తొలి వహీ అవతరించినప్పుడు ఆయన వయస్సు నలభై. ఆ వహీలోని మొదటి ఆజ్ఞ చదవమన్నదే. సహాబాలు వయస్సు మళ్లిన తరువాత కూడా విద్య నేర్చుకున్నారని ఇమామ్ బుఖారీ తమ హదీసు సంకలనంలోని విద్యా ప్రకరణంలో ప్రత్యేకించి పేర్కొన్నారు. ఇవి మన ఇళ్లలో అందరికీ తెలిసినవే. అయినా దాదీమా పుస్తకం చేతబడితే “ఇప్పుడెందుకు మీకు ఈ శ్రమ?” అంటాం. మర్యాదగా అన్నా, ప్రేమతో అన్నా, ఆ మాటకు పుస్తకం మూతపడుతుంది.

మన పెద్దలలో అనేకులు తమకు చదువు రాదని గట్టిగా నమ్ముతారు. వారే ప్రతి ఉదయం ఖుర్‌ఆన్‌ను నాజిరా చదువుతారు! అరబీ అక్షరాలు గుర్తుపట్టగలవారికి ఉర్దూ లిపిలో అత్యధిక భాగం వచ్చినట్లే. పే, టే, చే, గాఫ్ వంటి కొద్ది అక్షరాలు కొత్తగా నేర్చుకోవాలి. మాట్లాడేది ఎలాగూ ఇంటి భాషే. అసలు చిక్కు వేరొకచోట ఉంది. ముస్హఫ్‌లో జబర్, జేర్, పేష్ గుర్తులన్నీ ఉంటాయి. ఉర్దూ పుస్తకాలలో సాధారణంగా ఉండవు. గుర్తులు లేని పదం ఎదురుకాగానే పెద్దలు తడబడి, తమకు తెలియదని ఆగిపోతారు. పదాన్ని వాక్యపు అర్థాన్నిబట్టి పోల్చుకోవడం అలవాటయ్యేవరకు ప్రక్కన ఒకరు కూర్చోవాలి. అంతే కావలసినది. తెలుగు మాధ్యమంలో నాలుగైదు తరగతులు చదివి వదిలేసినవారికి ఆ అవసరం కూడా లేదు; పెద్ద అక్షరాల తెలుగు పుస్తకం, మంచి కళ్లజోడు చాలు. చత్వారాన్ని చదువురాకగా పొరబడినవారిని నేను ఎందరినో చూశాను.

మా ఇంట మధ్యాహ్నం వేళ నా శ్రీమతి వద్దకు కొందరు స్త్రీలు వస్తారు. వారిలో ఒకరు అరవై దాటిన దర్జీ మహిళ. మొదట ఆమె కోరిక చిన్నది: శుభలేఖ మీద పేరు చదవాలి, ఎవరినీ అడగకుండా. రెండు నెలలలో అది తీరింది. ఇక రారనుకున్నాం. వచ్చారు. పిల్లల కోసం వ్రాసిన ప్రవక్తల గాథల పుస్తకం తీసుకొనివెళ్లి, హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ మూడుసార్లు చదివారట. చిన్ననాటి నుండి విన్న కథే కదా అని నా శ్రీమతి అడిగితే, “వినేటప్పుడు చెప్పేవాళ్లు ఆపినచోటే ఆగాలి బీబీ, ఇప్పుడు నాకు ఇష్టమైనచోట ఆగుతున్నా” అన్నారు. తండ్రికి చొక్కా తెచ్చి చూపినచోట చాలాసేపు ఆగారట. బట్టలు కుట్టే మనిషి కదా!

ఆమె కుమారుడు ఒకనాడు నాతో, రాత్రి లైటు ఆర్పనివ్వడం లేదని ఫిర్యాదు చేశాడు. మర్వ్ పొరుగింటి స్త్రీ గుర్తుకు వచ్చి నవ్వాను. అతనికి కారణం చెప్పలేదు. మంచం ప్రక్కన పెట్టుకొనే చిన్న దీపం ఒకటి కొనిపెట్టమన్నాను.

కొన్నాడు. గతవారం ఆమె నుండి కబురు వచ్చింది: సీరత్ గ్రంథం రెండవ భాగం కావాలట, అక్షరాలు పెద్దవిగా ఉన్నది. మా మద్రసాలో ఉన్నది సన్నని అచ్చు. చార్మినార్ దగ్గరి దుకాణాలలో వెదకాలి.