సైడ్ కిక్‌కు బలం నేలమీది పాదమే

జక్రాన్‌పల్లి: కరాటే పోటీల్లో సైడ్ కిక్ పడగానే చప్పట్లు మోగుతాయి. చూపరుల కళ్లన్నీ గాలిలోకి లేచిన కాలిపైనే ఉంటాయి. అనుభవమున్న మాస్టరు మాత్రం నేలపై నిలిచిన పాదాన్ని చూస్తారు. ఆ పాదం తిరిగిందా, మడమ ఎటు ఉంది, శరీర భారం ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టి తన్ను సత్తా తేలిపోతుంది. తన్నిన వారి మోకాలు క్షేమమా కాదా అన్నదీ అక్కడే తేలుతుంది.

ప్రభుత్వ పాఠశాలల విద్యార్థినులకు సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకం ఉంది. ప్రైవేటు పాఠశాలల్లో బెల్టు పరీక్షలతో సాగే కరాటే, తైక్వాండో తరగతులు వేరు. ఎక్కడైనా పిల్లలు ముందుగా నేర్చుకోవాలని ఉబలాటపడేది ఎత్తుగా తన్నడమే. ఇందులో సినిమాల పాత్ర తక్కువేమీ కాదు. 1973 నాటి బ్రూస్‌లీ చిత్రం 'ఎంటర్ ది డ్రాగన్' మొదలు, తైక్వాండో నేపథ్యంతో 2001లో వచ్చిన 'భద్రాచలం', కిక్ బాక్సింగ్ కథతో 2003లో వచ్చిన 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' వరకు తెర మీద కనిపించేది పైకి లేచిన కాలే. నేలపై పాదం చాలాసార్లు ఫ్రేములోనే ఉండదు.

పాదం ఎందుకు తిరగాలి?

సైడ్ కిక్‌ను కరాటేలో యోకో గెరి అని, తైక్వాండోలో యోప్ చాగి అని వ్యవహరిస్తారు. కాలిని గుండ్రంగా విసిరే తన్ను కాదిది. మోకాలిని ముందు పొట్ట వైపు ముడిచి, తుంటిని తిప్పి, మడమతోగానీ పాదం వెలుపలి అంచుతోగానీ తిన్నగా నెట్టే తన్ను. కరాటేలో దీనికి రెండు రూపాలున్నాయి. లోతుగా నెట్టేది కెకోమి, కిందినుంచి పైకి చిమ్మినట్లు కొట్టేది కెయాగె.

తుంటి కీలు కాలిని నేరుగా పక్కకు ఎత్తనిచ్చేది సాధారణంగా 45 డిగ్రీలకు అటూ ఇటూగానే. అంతకు మించి లేపాలంటే నడుము కట్టు మొత్తం తిరగాలి. నడుము తిరగాలంటే దానిని మోస్తున్న పాదం తిరగాలి. అందుకే నెట్టే తన్నులో, కాలు చాచే సమయానికి నిలిచిన పాదం మడమ ప్రత్యర్థి వైపు, వేళ్లు దాదాపు వెనుక వైపు ఉండాలని చెబుతారు. అప్పుడు తగిలే మడమ, తుంటి, భుజం ఒకే గీతలోకి వచ్చి ఒంటి బరువంతా దెబ్బ వెనుక నిలుస్తుంది. పాదం తిరగకపోతే కాలి బలం ఒక్కటే మిగులుతుంది. తగిలిన ఎదురుతాకిడికి తన్నినవారే వెనక్కి తూలుతారు.

ఎంత తిప్పాలన్న దానిపై సంప్రదాయాలు ఒక్క మాట మీద లేవు. తైక్వాండోలో పాదం ముందు భాగంపై బాగా తిరుగుతారు. షోటోకాన్ కరాటేలో మడమను నేలకు ఆనించి ఉంచడానికి ప్రాధాన్యమిస్తారు. చిమ్మే తన్నులో తిప్పడం తక్కువే. ఏ పద్ధతి అయినా, మోకాలు కంటే ముందో, మోకాలితో పాటో పాదం తిరగాలి తప్ప మోకాలు తిరిగాక పాదం తిరగరాదు.

అడుగు వేసే తీరు

ప్రత్యర్థి చేతికందేంత దూరంలో నిలబడి ఉండడు గనుక తన్నుకు ముందు అడుగు పడాల్సిందే. ప్రధానంగా వాడుకలో ఉన్నవి రెండు.

మొదటిది అడ్డంగా దాటించే అడుగు. పక్కకు నిలబడి, వెనుక పాదాన్ని ముందు పాదానికి వెనుక నుంచి దాటించి నేల మీద పెట్టి, ముందు కాలితో తన్నుతారు. దీనిలో ఒక మేలు ఉంది. దాటిన పాదం నేలను తాకేటప్పుడే మడమ ప్రత్యర్థి వైపు ఉండేలా పెట్టవచ్చు. అంటే బరువు పడిన తర్వాత మెలిపెట్టవలసిన పని చాలావరకు ఉండదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు నిలబడిన చోట గిర్రున తిరిగి తన్నడం కంటే ఈ అడుగును ముందు నేర్పడమే మంచిది. షోటోకాన్ శిక్షణలో గుర్రపు స్వారీ భంగిమ నుంచి పక్కకు దాటుతూ తన్నడం బెల్టు పరీక్షల్లో ఉండే అంశమే. అందులో పాదాన్ని ముందు నుంచి దాటిస్తారు. టెక్కి షోడాన్ కటాలో కనిపించే అడుగూ అదే. అయితే కాళ్లు పెనవేసుకున్న ఆ క్షణంలో ప్రత్యర్థి కాలు లాగితే పడిపోక తప్పదు. కనుక ఆ అడుగు తక్కువ ఎత్తులో, చురుగ్గా పడాలి.

రెండోది చోటు మార్చే అడుగు. వెనుక పాదం జారుతూ వచ్చి ముందు పాదం ఉన్న చోటును ఆక్రమిస్తుంది. అదే క్షణంలో ముందు కాలు లేస్తుంది. కాళ్లు పెనవేసుకోవు, వేగం ఎక్కువ. బ్రూస్‌లీ తన్నుకు పేరు తెచ్చింది బలమైన కాలిని ముందుంచి ఇలా ఒక్క ఉదుటున దూరాన్ని మింగేయడమే. పాదం తిప్పడానికి దొరికే సమయం మాత్రం రెప్పపాటే. మొదటి అడుగు ఒంటబట్టని వారికి ఇది నేర్పితే మోకాలికి ముప్పే.

వెనుక కాలిని నేరుగా ముందుకు తెచ్చి తన్నే పద్ధతిలో బలం ఎక్కువ. కానీ దారి పొడవు గనుక ఎదుటివాడు పసిగడతాడు.

కరాటే పేరెత్తకపోయినా మన కబడ్డీలోనూ సైడ్ కిక్ ఉంది. కూతకు వెళ్లిన ఆటగాడు పక్కకు కాలు చాచి రక్షకుణ్ని తాకుతాడు. అక్కడ కావలసింది దెబ్బ కాదు, తాకి తప్పించుకోవడం. అయినా నిలిచిన పాదం వేళ్లు మధ్య గీత వైపు ఉంటేనే చాచిన కాలిని లాక్కుని తిరిగి రాగలడు. వేళ్లు ఎదుటి జట్టు వైపే ఉండిపోతే చీలమండ వారి చేతికి చిక్కినట్లే.

తైక్వాండో 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల క్రీడ. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎలక్ట్రానిక్ కవచాలు వచ్చాక ముందు కాలిని గాలిలో ఉంచి కత్తిసాములా పొడిచే ఆట పెరిగిందన్న విమర్శలు వచ్చాయి. 2017లో మార్చిన నిబంధనల్లో ఛాతీ కవచంపై తన్నుకు ఒకటికి బదులు 2 పాయింట్లు చేశారు. కాలును ఊరికే ఎత్తి ఉంచితే శిక్షా పాయింటు పడుతుంది.

నేలను బట్టి నేర్పు

పోటీలు జరిగేది మ్యాట్లపై. పల్లె బడుల్లో సాధన జరిగేది గచ్చుపైనో మట్టి మైదానంలోనో. బూటు వేసుకుని గరుకు గచ్చుపై తన్నితే అడుగు పట్టేస్తుంది. పాదం ఆగిపోయి శరీరం తిరిగిపోతే ఆ మెలి అంతా మోకాలికి చేరుతుంది. లోపలి అడ్డ లిగమెంటు తెగడానికి, గుజ్జు చిరగడానికి ఇదే ప్రధాన దారి. మోకాలి లిగమెంటు గాయాలు బాలురకంటే బాలికల్లో ఎక్కువని క్రీడా వైద్యులు చెబుతున్న మాట. తడిసిన మట్టిలో ఇందుకు భిన్నంగా పాదం జారిపోతుంది.

పసుపు పండే ఈ ప్రాంతంలో బెణుకు అనగానే పసుపు, సున్నం కలిపి పట్టు వేయడం ఇంటింటి వైద్యం. చీలమండ బెణుకు వరకు సరే. మోకాలిలో 'టక్' మన్న శబ్దం వినిపించినా, గంటల్లోనే వాచినా, నడుస్తుంటే కాలు పట్టు తప్పుతున్నా పట్టుతో సరిపెట్టక ఎముకల వైద్యుడికి చూపాలి.

ఆత్మరక్షణ కోసం నేర్చుకునే బాలికల విషయం పోటీదారులకు పూర్తిగా వేరు. చెప్పులతో, పొడవాటి దుస్తులతో, భుజాన సంచితో ఉన్న అమ్మాయి ఛాతీ ఎత్తున తన్నబోతే మొదట పడేది ఆమే. మూడు నెలల్లో ఒంటబట్టేది మోకాలికి దిగువన, ఎదుటివాడి ముంగాలిపై నెట్టే తన్ను. దీనికి పాదం సగం తిరిగినా చాలు. తన్నిన కాలిని లాక్కుని, పారిపోవలసిన దిక్కున దించడం వరకూ సాధన చేయించాలి. కాలు ప్రత్యర్థి ముందే దిగితే తన్నిన ఫలితం దక్కదు.

సాధనకు సామగ్రి పెద్దగా అక్కరలేదు. నేలపై సుద్దతో తిన్నని గీత గీసి, దానిపై పక్కకు నిలబెట్టి, తన్ను లేకుండా అడుగు మాత్రమే వేయించాలి. పాదం దిగాక మడమ గీత మీద, లక్ష్యం వైపు ఉందో లేదో పక్కనున్న విద్యార్థిని చూసి చెప్పాలి. ఆ తర్వాత గోడ పట్టుకుని నెమ్మదిగా మోకాలు ముడవడం, చాచడం, తిరిగి ముడవడం, దించడం. చాచిన కాలిని మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు నిలపలేకపోతే ఎత్తు తగ్గించాలి. గోడ వదిలి వేగం పెంచడం ఆ తర్వాతి మాట.