ఇరుగుపొరుగు దేశముల పొత్తు

ఒక వీథిలోని యిండ్లన్నియు ఒక్క తీరున నుండవు. ఒకనికి పొలము కలదు, ఎద్దులు లేవు. మరియొకనికి ఎద్దులు కలవు, పొలము చాలదు. ఇరువురును పొత్తు కలిసినచో సేద్యము సాగును. కలహించినచో పొలము బీడగును, ఎద్దులు పస్తులుండును. అయితే బలవంతుడు పంటనంతయు తానే తీసికొనిపోయినచో ఆ పొత్తు ఎంతకాలము నిలుచును? సంపన్నదేశమును పేదదేశమును ఒకదానిప్రక్క నొకటి యున్నప్పుడు ఈ ప్రశ్నయే ముఖ్యమైనది. ఆగ్నేయాసియా దేశముల చరిత్ర ఈ విషయమున మనకు చాల నేర్పును.

1967వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన బాంకాకు నగరమున ఇండొనీషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూరు, థాయిలాండు దేశముల ప్రతినిధులు సమావేశమై ‘ఆసియాన్’ అను కూటమిని స్థాపించిరి. అంతకు కొలదికాలము పూర్వము వారిలో సఖ్యత లేదు. 1963 మొదలు 1966 వరకు ఇండొనీషియా మలేషియాతో వైరము సాగించెను. 1965లో సింగపూరు మలేషియానుండి వేరుపడెను. కలహభయమున్నచోట కర్మాగారము కట్టుటకు ఎవ్వరును ధనము వెచ్చింపరు. కావున వారు మొదట స్నేహమును, పిమ్మట వర్తకమును వృద్ధిచేసికొనిరి. క్రమముగా బ్రూనై, వియత్నాము, లావోస్, మయన్మారు, కంబోడియా దేశములును చేరినవి. 2025లో తూర్పు తిమోరు పదునొకండవ సభ్యదేశమయ్యెను.

ఈ దేశములలో హెచ్చుతగ్గులు మెండు. సింగపూరు చిన్నదీవి. గనులు లేవు, పొలములు లేవు. త్రాగునీటిలో కొంతభాగము పొరుగున నున్న మలేషియాలోని జొహోరు రాష్ట్రమునుండి గొట్టములద్వారా రావలసినదే. కాని గొప్ప రేవును, బ్యాంకులును, నిపుణులును అచట కలరు. కాలక్రమమున అచట నేల ఖరీదును, కూలిరేట్లును మిక్కిలి పెరిగినవి. జొహోరులో విశాలమైన నేల యున్నది. జలసంధి కావల ఇండొనీషియాకు చెందిన బటాము దీవిలో తక్కువ వేతనమునకు పనివారు లభింతురు. ఈ మూడు ప్రాంతములును కలిసి పనిచేయవలెనని 1989లో సింగపూరు ఉపప్రధానిగా నుండిన గో చోక్ టాంగ్ ప్రతిపాదించెను. దీనికి ‘వృద్ధి త్రికోణము’ అని పేరు వచ్చెను. యంత్రముల నమూనాలు, లెక్కలు, ఎగుమతి వ్యవహారములు సింగపూరులో. విడిభాగములు కూర్చుపని బటాములో జరుగసాగెను. ఒకరికి చోటు దొరికెను, మరియొకరికి ఉపాధి దొరికెను. ఒకప్పుడు కొన్నివేలమంది మాత్రమే నివసించిన బటాములో నేడు పదిలక్షలకు పైగా జనులున్నారు.

వేతనములు పెరిగినకొలది ఒక పరిశ్రమ సంపన్నదేశమును విడిచి పొరుగుదేశమునకు తరలుట సహజము. జపానుదేశపు ఆర్థికశాస్త్రవేత్త అకమత్సు దీనిని ఆకాశమున బారుతీరి ఎగురు అడవిబాతులతో పోల్చెను. బట్టల పరిశ్రమ జపానునుండి కొరియా, తైవానులకును, అచటినుండి థాయిలాండు, వియత్నాములకును నడచిన మార్గ మిట్టిదే. అయితే ముందు పక్షి ఎగిరినంతమాత్రమున వెనుక పక్షికి రెక్కలు రావు. వియత్నాము 1986లో తన ఆర్థికవిధానమును మార్చుకొనెను. బియ్యమును దిగుమతి చేసికొనుచుండిన ఆ దేశము 1989 నాటికే బియ్యము నెగుమతి చేయసాగెను. ప్రజలలో చదువు అప్పటికే వ్యాపించియుండుటచే తరువాత వచ్చిన కర్మాగారములలో పని నేర్చుట వారికి సులభమయ్యెను.

ఇక సుంకముల విషయము. పొరుగునుండి వచ్చు సరకుపై విధించు పన్నే సుంకము. అది మితిమీరినచో వర్తకము నశించును. ఈ సత్యము తెలుగువారికి క్రొత్తది కాదు. కాకతీయ గణపతిదేవుడు సుమారు 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమున, గాలివానకు చిక్కి తీరము చేరిన ఓడల సరకును హరింపక, నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొందునని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ఆసియాన్ దేశములును 1992లో సుంకములు తగ్గించుకొనుట కొడంబడినవి. కాని అందరికిని ఒకే గడువు విధింపలేదు. పాత ఆరు దేశములు 2010 నాటికి దాదాపు అన్ని సుంకములను తొలగింపవలెను. వెనుక చేరిన వియత్నాము, లావోస్, మయన్మారు, కంబోడియాలకు 2015 వరకును, కొన్ని వస్తువులకు 2018 వరకును వ్యవధి యీయబడెను. లేతమొక్కకు కంచె కావలెను. అది మానైన పిదప కంచెతో పనిలేదు. ఈ వ్యవధిలోని న్యాయమదియే.

కలిసి పెరుగువారికి కష్టములును కలిసియే వచ్చును. 1997 జూలైలో థాయిలాండు నాణెమైన బాతు విలువ పడిపోగా, ఆ విపత్తు ఇండొనీషియా, మలేషియాలకును ప్రాకి లక్షలమంది ఉపాధి కోల్పోయిరి. అందుచే 2000లో ఈ దేశములు చైనా, జపాను, కొరియాలతో కలిసి, ఆపదలో ఒండొరులకు విదేశద్రవ్యము సర్దుకొను ఏర్పాటు గావించుకొనినవి.

లావోస్ కథ ఇంకను ఆలోచింపదగినది. ఆ దేశమునకు సముద్రతీరము లేదు. కొండలు, మెకాంగు ఉపనదులు కలవు. 1971లో నామ్ ఙుమ్ ఆనకట్ట పూర్తియైన నాటినుండి అది థాయిలాండునకు విద్యుచ్ఛక్తి నమ్ముచున్నది. 2010లో ఉత్పత్తి ప్రారంభించిన నామ్ థెయున్ ఆనకట్ట విద్యుత్తులో అధికభాగము థాయిలాండునకే పోవును. దానికొరకు ఆరువేలమంది తమ యూళ్ళు విడిచిరి. 2018 జూలైలో అత్తపూ ప్రాంతమున మరియొక ఆనకట్ట తెగి గ్రామములు కొట్టుకొనిపోయినవి, పలువురు మరణించిరి. ఆ విద్యుత్తును కొననుండినదియు ముఖ్యముగా థాయిలాండే. పైగా నిర్మాణములకై చేసిన ఋణములు దేశముపై పెనుభారమై, 2022లో దాని నాణెపు విలువ మిక్కిలి పడిపోయెను. దీపము పొరుగింట వెలుగుచుండగా, దాని చమురు ఖర్చు ఈ యింటివారు భరించినట్లున్నది.

అట్లని లావోస్ తలుపులు మూసికొని బ్రతుకజాలదు. 1994లో మెకాంగుపై కట్టిన స్నేహవారధి ఆ దేశపు సరకులను థాయిలాండునకు, అచటినుండి సముద్రమునకు చేర్చుచున్నది. కావలసినది పొత్తు మానుట కాదు. పొత్తులోని పాళ్ళు సరిగా నిర్ణయించుకొనుట. పేదదేశమునకు తగిన వ్యవధి దొరకవలెను. అచ్చటి పిల్లలకు చదువును, పనివారికి నైపుణ్యమును అబ్బవలెను. ఊరు విడిచినవానికి తగిన పరిహారము ముట్టవలెను. ఏ రెండు దేశముల ఒడంబడికనైనను పరీక్షింపదలచినవారు, మొత్తము లాభమెంత యని అడిగి ఊరకుండరాదు; అందులో బలహీనునికి దక్కిన దేమని కూడ అడుగవలెను.