రెండు రిలేలు, నాలుగు తలుపులు

1871లో మద్రాసు రైల్వే లైను ఆదోని మీదుగా రాయచూరు చేరి, బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిసింది. ఆదోని పత్తికి అటు మద్రాసు, ఇటు బొంబాయి రెండూ అందాయి. పట్టాల వెంటే టెలిగ్రాఫ్ తీగలు నడిచిన కాలమది. వందల మైళ్లు ప్రయాణించి నీరసించిన కరెంటు పెద్ద పనేమీ చేయలేదు. కానీ చిన్న కాయిల్‌ను అయస్కాంతంగా మార్చగలదు. ఆ అయస్కాంతం ఇనుప రేకును లాగితే, దగ్గరున్న మరో బ్యాటరీ కరెంటుకు దారి దొరుకుతుంది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలో విద్యార్థులకు చేసి చూపిన ఈ ఏర్పాటే రిలే.

కారు తలుపుల దగ్గర దాని అవసరం మళ్లీ పడింది.

ఫ్రాన్సు కారు రెనో ఫ్యుయేగో 1982లో రిమోట్‌తో తలుపులు తెరిచిన తొలి కార్లలో ఒకటి. మన దగ్గర చాలా ఏళ్లపాటు కార్లు తాళంచెవితోనే వచ్చాయి. రిమోట్ కావాలంటే ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కారు వదలాల్సి వచ్చేది. సెంట్రల్ లాక్ కిట్ మొత్తంగా బిగిస్తే రిలేలు కిట్ పెట్టెలోనే ఉంటాయి. కారుకు కంపెనీ లాకు మోటార్లు ముందే ఉండి, వాటికి రిమోట్ మాత్రమే కలపాల్సి వచ్చినప్పుడే అసలు పని మొదలవుతుంది.

కొన్ని రిమోట్ యూనిట్లు ఇచ్చేది చిన్న సంకేతమే, ఆంపియర్‌లో కొద్ది భాగం. నాలుగు తలుపుల మోటార్లు ఒక్కసారి కదిలితే పది ఆంపియర్లు దాటవచ్చు. ఆ సంకేతం తీగను నేరుగా మోటారుకు కలిపితే యూనిట్ కాలిపోతుంది. మధ్యలో రిలే పెడితే దాని కాయిల్ తీసుకునేది సుమారు 0.15 ఆంపియర్, లోపలి పాయింట్లు మోసేది 30 ఆంపియర్ల దాకా. ఫ్యూజ్ మాత్రం తప్పనిసరి.

ఒక్క రిలే ఎందుకు చాలదు? లాకు మోటారుకు రెండే తీగలు. కరెంటు ఒక వైపు నుంచి పోతే తలుపు లాకు పడుతుంది, దిశ తిప్పితే తెరుచుకుంటుంది. అందుకే రెండు రిలేలు. రిలేలో 30వ పిన్ను విశ్రాంతిలో 87ఏను, కాయిల్ లాగినప్పుడు 87ను తాకుతుంది. ఒక్కోదాని 30వ పిన్నును మోటారు తీగల్లో ఒక్కోదానికి, 87ను ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కు, 87ఏను బాడీ ఎర్త్‌కు కలుపుతారు. విశ్రాంతిలో మోటారు రెండు చివరలూ ఎర్త్ మీదే ఉంటాయి. లాక్ బటన్ నొక్కగానే మొదటి రిలే టక్కుమని 12 వోల్టులు అందిస్తుంది. ఆ కరెంటు మోటారు దాటి, కదలకుండా ఉన్న రెండో రిలే 87ఏ గుండా ఎర్త్‌కు చేరుతుంది. సెకను లోపే పని ముగుస్తుంది. పొరపాటున రెండు రిలేలూ ఒకేసారి లాగినా రెండు చివరలా ప్లస్సే కాబట్టి షార్ట్ కాదు, మోటారు ఊరకే నిలబడుతుంది. ఇంత సాదా అమరికలో ఇంత భద్రత ఇమిడి ఉండటం నిజంగా అబ్బురం.

కదలని రిలే కూడా కరెంటు మోస్తుందన్న ఈ సంగతి రిపేరులో ప్రాణం. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు పట్టడం మామూలే. రెండు రిలేలకు వేర్వేరు బోల్టులుండి, లాక్ రిలేది తుప్పు పడితే తలుపులు లాక్ అవుతాయి, తెరుచుకోవు. తెరిచే రిలే మాత్రం టక్కుమంటూనే ఉంటుంది. చాలామంది వెంటనే మోటారు మార్చేస్తారు. అంతకుముందే టెస్ట్ ల్యాంపు తీసుకుని రెండు చోట్ల చూడాలి: తెరిచే రిలే 87లో ప్లస్ ఉందా, లాక్ రిలే 87ఏకు ఎర్త్ అందుతోందా? రెండోది తెగి ఉంటే బోల్టు గీకి, రింగు టెర్మినల్ కొత్తది వేసి బిగిస్తే చాలు, తలుపులు తెరుచుకుంటాయి.