కూలి అడగని ద్రాక్ష కోత: ఆ కొండ ఎవరిది?

వెస్ట్‌బ్యాంక్‌లో నాబ్లస్ పట్టణానికి దక్షిణాన ఉన్న కొండ పేరు గెరిజీము. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. ఆ కొండ మీద హర్ బ్రఖా అనే యూదు సెటిల్‌మెంట్ ఉంది. హీబ్రూలో ఆ పేరుకు 'దీవెన కొండ' అని అర్థం. వేసవి చివర ద్రాక్ష పండే రోజుల్లో అక్కడి తోటల్లోకి వెళ్తే, కత్తెరలు పట్టుకుని గుత్తులు కోస్తూ డబ్బాలు నింపుతున్న అమెరికన్ కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్లు యూదులు కారు, క్రైస్తవులు. విమానం టికెట్ వాళ్లే కొనుక్కుని వస్తారు. పొద్దున్నే ఎండ ముదరకముందే తోటలోకి దిగుతారు. కూలి అడగరు. ద్రాక్ష కోత ముగిసే సరికి యూదుల పర్ణశాలల పండుగ వస్తుంది కాబట్టి చాలామంది ఆ పండుగ కూడా చూసుకుని ఇంటికి పోతారు.

డబ్బు ఖర్చు పెట్టుకుని వేల మైళ్లు వచ్చి పరాయివాళ్ల తోటలో పనిచేయడం ఏంటి? సేవ అంటే సేవే కదా, దానిమీద గొడవ ఎందుకు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలియాలంటే ముందు పండుగ సంగతి, తర్వాత పొలం సంగతి చూడాలి.

పందిట్లో ఏడు రోజులు

హీబ్రూలో ఈ పండుగను సుక్కోత్ అంటారు. సుక్కా అంటే పందిరి. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన తర్వాత తమ పూర్వీకులు ఎడారిలో పాకల్లో బతికారని గుర్తు చేసుకుంటూ, యూదులు ఇంటి బయటో బాల్కనీలోనో పందిరి వేసుకుని ఏడు రోజులు అందులోనే భోంచేస్తారు. కొందరు అక్కడే పడుకుంటారు. పైకప్పు చెట్ల కొమ్మలతోనో ఆకులతోనో వేయాలి. రేకులు, తార్పాలిన్ పనికిరావు.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. ఇది పంట ఇంటికొచ్చిన పండుగ. కళ్లంలో ధాన్యం, తొట్టిలో ద్రాక్షరసం చేరాక జరుపుకోవాలని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. ఆ సంతోషంలో దాసదాసీలను, పరదేశులను, అనాథలను, విధవరాళ్లను కూడా కలుపుకోవాలన్నది అక్కడి నియమమే.

యూదుల నెలలు మన ముస్లింల నెలల్లాగే చంద్రుడి లెక్కన నడుస్తాయి. మరి రంజాన్ ఎండాకాలంలోకీ చలికాలంలోకీ తిరుగుతుంటే సుక్కోత్ మాత్రం ఎప్పుడూ సెప్టెంబర్, అక్టోబర్ దగ్గరే ఎందుకు ఆగుతుంది? తెలుగు పంచాంగంలో అధిక మాసం ఉన్నట్టే వాళ్లూ 19 ఏళ్లకు ఏడుసార్లు ఒక నెల అదనంగా కలుపుతారు. అందుకే పండుగ పంట కాలాన్ని వదలదు. పౌర్ణమి నాడు మొదలవుతుంది. 2025లో అక్టోబర్ 6 సాయంత్రం మొదలైంది.

పండుగ మొదటి రోజు పని చేయకూడదు. ఏడు రోజుల తర్వాత వచ్చే ఎనిమిదో రోజు కూడా అంతే. మధ్య రోజుల్లో కూడా పొలం పని తగ్గించుకోవాలి, పంట పాడైపోతుందంటే మాత్రం కోసుకోవచ్చు. కోత పని చాలావరకు పండుగకు ముందే ముగించాలన్న తొందర రైతులకు ఉండేది అందుకే.

ప్రవచనం కోసం వచ్చిన కూలీలు

హర్ బ్రఖా తోటలకు వాలంటీర్లను తీసుకొచ్చే సంస్థ పేరు హయోవెల్. అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రానికి చెందిన టామీ వాలర్ అనే ఆయన కుటుంబం దీన్ని మొదలుపెట్టింది. 2000ల మొదట్లో ఆయన ఇక్కడ ఒక యూదు ద్రాక్ష రైతును కలిశాడు. కోతకు మనుషులు దొరకడం లేదని తెలిసి, కుటుంబంతో వచ్చి పని చేశాడు. ఆ తర్వాత ఏటా వాలంటీర్లు రావడం మొదలైంది.

వీళ్లను నడిపించేది రెండు ప్రవచనాలు. షోమ్రోను కొండల మీద మళ్లీ ద్రాక్షతోటలు నాటతారని యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయం చెబుతుంది. పరదేశులు వచ్చి ఇశ్రాయేలీయుల పొలాల్లో, ద్రాక్షతోటల్లో పనిచేస్తారని యెషయా 61వ అధ్యాయం చెబుతుంది. షోమ్రోను అంటే నేటి వెస్ట్‌బ్యాంక్ ఉత్తర భాగం. ఆ పరదేశులం మేమే, ఆ మాట మా చేతుల మీదుగా నెరవేరుతోంది అన్నది వాళ్ల నమ్మకం. ఒక్కో గుత్తి కోస్తున్నప్పుడు ప్రవచనంలో ఒక్కో అక్షరం నిజమవుతోందని వాళ్లు అనుకుంటారు. ఈ నమ్మకాన్ని వెటకారం చేస్తే విషయం అర్థం కాదు. జీతం మీద వచ్చే కూలీకి లేని పట్టుదల వాళ్లకు ఉండటానికి కారణం అదే.

పండుగకు బయటి దేశాల క్రైస్తవులు రావడం వెనుక జెకర్యా గ్రంథం 14వ అధ్యాయం ఉంది. అన్ని జనాంగాలూ ఏటా పర్ణశాలల పండుగకు జెరూసలేం వస్తాయని అందులో ఉంటుంది. దీన్ని పట్టుకునే అంతర్జాతీయ క్రైస్తవ ఎంబసీ అనే సంస్థ 1980 నుంచి జెరూసలేంలో (ముస్లింలు బైతుల్ మఖ్దిస్ అనే నగరంలో) క్రైస్తవుల కోసం పెద్ద ఎత్తున ఈ పండుగ నిర్వహిస్తోంది. తూర్పు జెరూసలేంను కూడా కలుపుకుని నగరమంతా తన రాజధాని అని ఇజ్రాయెల్ చట్టం చేసిన ఏడాది అది. నిరసనగా చాలా దేశాలు తమ ఎంబసీలను టెల్ అవీవ్‌కు మార్చుకున్నాయి. దానికి ఎదురుగా పుట్టింది కాబట్టే ఈ సంస్థకు 'ఎంబసీ' అన్న పేరు. అంటే పండుగ, రాజకీయం మొదటి రోజు నుంచే కలిసి నడిచాయి.

కోయవచ్చు, ముట్టుకోకూడదు

ఇందులో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. కోషర్ వైన్‌కు యూదు మతంలో గట్టి నియమాలున్నాయి. ద్రాక్ష పండుగా ఉన్నంతసేపు ఎవరు కోసినా, ఎవరు మోసినా ఇబ్బంది లేదు. పండు నలిగి, రసం తొక్క నుంచి విడిపోవడం మొదలైందంటే లెక్క మారిపోతుంది. అక్కడి నుంచి సీసాకు బిరడా పెట్టేదాకా సబ్బాతు పాటించే యూదులే ఆ పని చేయాలి. ఇతరులు పీపా కుళాయి కూడా తిప్పకూడదు. మరగబెట్టిన వైన్‌కు మాత్రం ఈ కట్టుబాటు సడలుతుంది. జబీహా విషయంలో కోసేది ఎవరు అన్నది ఎంత ముఖ్యమో ముస్లిం పాఠకులకు తెలుసు కాబట్టి ఈ ఆలోచన వింతగా అనిపించకపోవచ్చు.

కాబట్టి వాలంటీరు తోటలో ఎంత పని చేసినా వైనరీ గడప దగ్గర ఆగిపోవాలి. దాన్ని వాళ్లు అవమానంగా తీసుకోరు, నియమంగానే తీసుకుంటారు. ఇంకో నియమం కూడా ఉంది. కొత్తగా నాటిన తీగ మొదటి మూడేళ్ల కాపు తినకూడదు. నాటినవాడు ఓపిక పట్టాల్సిందే.

యూదులందరూ ఈ సాయాన్ని చేతులు చాచి తీసుకున్నారని కూడా అనుకోవద్దు. యూరప్‌లో క్రైస్తవుల చేతుల్లో వందల ఏళ్లు పడిన హింస వాళ్ల జ్ఞాపకంలో ఉంది. ఈరోజు ద్రాక్ష కోసి, రేపు బాప్తిస్మం గురించి మాట్లాడతారేమోనని కొందరు రబ్బీలు అనుమానించారు. మతప్రచారం చేయబోమని సంస్థ మాట ఇచ్చింది. హర్ బ్రఖా రబ్బీ ఎలియేజర్ మెలమెద్ వాళ్లకు అండగా నిలబడ్డారు. వాదన మాత్రం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

కొండ కింద ఊళ్లు

ఇక పొలం సంగతి. వెస్ట్‌బ్యాంక్‌ను ఇజ్రాయెల్ 1967 యుద్ధంలో ఆక్రమించింది. ఆక్రమించిన దేశం తన పౌరులను ఆ భూమిలోకి తరలించకూడదని నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం అంటుంది. అందుకే ప్రపంచంలో ఎక్కువ దేశాలు సెటిల్‌మెంట్లను చట్టవిరుద్ధంగా చూస్తాయి. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం తన సలహా అభిప్రాయంలో అదే చెప్పింది. ఇజ్రాయెల్ ఒప్పుకోదు. అది ఆక్రమిత భూమి కాదు, వివాదాస్పద భూమి, యూదులకు అక్కడ వేల ఏళ్ల బంధం ఉంది అన్నది ఆ దేశం వాదన.

హర్ బ్రఖా 1980లలో మొదలైంది. కొండ కింద బూరీన్, హువారా లాంటి పాలస్తీనా ఊళ్లున్నాయి. బూరీన్ రైతులకు ఆలివ్ చెట్లే ఆధారం. ద్రాక్ష కోత అయిపోతుండగా, అక్టోబర్‌లో ఆలివ్ కోత మొదలవుతుంది. సెటిల్‌మెంట్లకు దగ్గరగా ఉన్న సొంత చెట్ల దగ్గరకు వెళ్లాలంటే సైన్యం కేటాయించే కొద్ది రోజులే దిక్కు. 2023 అక్టోబర్ యుద్ధం తర్వాత ఆ రోజులు కూడా చాలాచోట్ల దక్కలేదు. దాడులు, చెట్ల నరికివేతల మీద ఐక్యరాజ్యసమితి ప్రతి ఆలివ్ కాలంలోనూ లెక్కలు ఇస్తూనే ఉంది.

రక్తం రెండు వైపులా చిందింది. 2023 ఫిబ్రవరి 26న హర్ బ్రఖాకు చెందిన ఇద్దరు అన్నదమ్ములను హువారాలో కాల్చి చంపారు. ఆ రాత్రే సెటిలర్ల గుంపులు హువారా మీద పడి ఇళ్లు, కార్లు తగలబెట్టాయి. పక్క ఊళ్లో ఒక పాలస్తీనీయుడు చనిపోయాడు.

కోత కోసే వాలంటీరు ఈ గొడవలో చేయి పెట్టలేదు, నిజమే. ఆ చేతులు ఏ వైపు బలాన్నిచ్చాయన్నది మాత్రం వేరే విషయం. కూలి ఖర్చు లేకుండా పంట ఇంటికి చేరితే తోట నిలబడుతుంది, తోట నిలబడితే సెటిల్‌మెంట్ వేళ్లూనుకుంటుంది. సంస్థ కూడా దీన్ని దాచదు. భూమి మీద యూదుల హక్కుకు మద్దతుగానే వస్తున్నామని బహిరంగంగానే చెబుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. హయోవెల్ అన్న హీబ్రూ మాటకు అర్థం సునాద సంవత్సరం. లేవీయకాండం ప్రకారం యాభయ్యో ఏట వచ్చే ఆ సంవత్సరంలో చేతులు మారిన భూమి మొదటి కుటుంబాలకు తిరిగి వెళ్లిపోవాలి. మొదటి కుటుంబం ఎవరు అన్న దగ్గరే కొండ పైవాళ్లకూ కిందివాళ్లకూ లెక్క కుదరదు.

ఈ ప్రశ్న సీసా దాకా వస్తుంది. సెటిల్‌మెంట్లలో తయారైన సరుకు మీద ఆ సంగతి స్పష్టంగా రాయాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 నవంబర్ 12న తీర్పిచ్చింది. ఆ కేసులో వాదించింది రమల్లా పక్కన ఉన్న ప్సగోత్ సెటిల్‌మెంట్ వైనరీ. ఉత్త 'ఇజ్రాయెల్ వైన్' అని రాస్తే కుదరదన్నమాట.

అదే బైబిల్, ఇంకో తోట

బెత్లెహేంకు నైరుతిలో, కొద్ది కిలోమీటర్ల దూరంలో నహాలీన్ ఊరి దగ్గర ఇంకో కొండ ఉంది. అక్కడి తోట నస్సార్ అనే పాలస్తీనా క్రైస్తవ కుటుంబానిది. తాత దాహెర్ 1916లో, అంటే ఉస్మానియా పాలన కాలంలో, ఆ భూమి కొన్నాడు. కాగితాలు ఉన్నాయి. అయినా 1991లో ఇజ్రాయెల్ దాన్ని ప్రభుత్వ భూమిగా ప్రకటించింది. కుటుంబం కోర్టుకెక్కింది, కేసు దశాబ్దాలుగా సాగుతోంది. చుట్టూ ఉన్నవి సెటిల్‌మెంట్లు. కరెంటు కనెక్షన్ లేదు, నీటి కనెక్షన్ లేదు. సోలార్ పలకలతో, వాన నీటి తొట్లతో నెట్టుకొస్తున్నారు. కట్టడానికి అనుమతి దొరకదు కాబట్టి గుహలనే గదులుగా వాడుకుంటున్నారు. 2014 మేలో సైన్యం బుల్డోజర్లతో వచ్చి పండ్ల చెట్లను పెకలించింది. కుటుంబం లెక్క ప్రకారం సుమారు 1,500.

ఈ తోటను టెంట్ ఆఫ్ నేషన్స్ అంటారు. ఇక్కడికి కూడా యూరప్, అమెరికాల నుంచి క్రైస్తవులు వస్తారు. సొంత ఖర్చుతోనే. ద్రాక్ష, ఆలివ్, బాదం కోస్తారు, చెట్లు నాటుతారు. సాగు ఆగిపోయిన భూమిని ప్రభుత్వ భూమిగా లాగేసుకోవడం సులువు కాబట్టి, ఏటా నాటడం, ఏటా కోయడం ఆ కుటుంబానికి కోర్టులో సాక్ష్యం లాంటిది. తామెవరికీ శత్రువులుగా ఉండబోమని రాసిన రాయి తోట దారిలోనే కనిపిస్తుంది. ఆలివ్ కాలంలో బూరీన్ లాంటి ఊళ్ల రైతుల పక్కన నిలబడే యూదులూ ఉన్నారు. రబ్బీస్ ఫర్ హ్యూమన్ రైట్స్ అనే ఇజ్రాయెలీ సంస్థ వాలంటీర్లను ఏటా ఆ చెట్ల దగ్గరకు పంపుతోంది.

అక్కడి ద్రాక్ష అంతా వైన్‌కు పోతుందని కూడా అనుకోకండి. అల్ ఖలీల్ పరిసరాల్లో ముస్లిం రైతులు శతాబ్దాలుగా ద్రాక్ష పండిస్తున్నారు. వాళ్ల పంట దిబ్స్ అనే పాకంగా, మల్బన్ అనే ద్రాక్ష తాండ్రగా, కిస్మిస్‌గా మారుతుంది. లేత ఆకుల్లో అన్నం, మాంసం చుట్టి వండుతారు.

ఈ విషయం తెలుగువాళ్లకు మరీ దూరమైనదేం కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా క్రైస్తవులు పవిత్రభూమి యాత్రకు వెళ్తుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేం యాత్రికులకు ఆర్థిక సాయం కూడా ఇచ్చింది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనె ఎఫ్రాయిం యూదులుగా చెప్పుకునే కుటుంబాలు యూదు పండుగలు చేసుకుంటాయి. బెత్లెహేంలో క్రీస్తు జన్మస్థలం చూసొచ్చిన మనవాళ్లలో చాలామంది తాము అడుగుపెట్టింది పాలస్తీనా పట్టణంలో అని గమనించకుండానే బస్సెక్కి వచ్చేస్తారు. నస్సార్ల తోట అక్కడికి దగ్గరే. గైడ్‌ను అడిగితే దారి చెబుతాడు, రోడ్డు మీద బండరాళ్లు అడ్డం పెట్టి ఉంటే చివరి కొంత దూరం నడవాలి.