ఆదిలాబాద్ పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యే!

కవరు మీద ఆదిలాబాద్ అని రాసి కింద 504001 వేస్తాం. కరీంనగర్ అయితే 505001. గోదావరికి అటొకటి, ఇటొకటి; రెండు సంఖ్యలకూ తేడా సరిగ్గా వెయ్యి. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలుపెట్టిన తపాలా శాఖ వీటిని ఉత్తరాలు వేరు చేసుకోవడానికి ఇచ్చిందే తప్ప లెక్కల కోసం కాదు. అయినా కాగితం మీద పెట్టి చూస్తే ఈ రెండింటి స్వభావాలకూ పొంతనే లేదు.

ముందు కరీంనగర్. 505001ని 504000, 1001గా విడదీయండి. రెండూ ఏడో ఎక్కంలో పోతాయి. భాగిస్తే వచ్చేది 72143. అది మళ్లీ 19తో తెగుతుంది. చివరికి 505001 = 7 × 19 × 3797. అంటే సంయుక్త సంఖ్య. కానీ లోపల దాక్కున్న ఆ 3797 మాత్రం అరుదైన ప్రధాన సంఖ్య. ఎడమ నుంచి ఒక్కో అంకె కొట్టేస్తూ పోతే 797, 97, 7. కుడి నుంచి కొట్టేస్తే 379, 37, 3. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలా రెండు వైపులా నిలబడేవి మొత్తం 15 మాత్రమే. వాటిలో అన్నిటికన్నా పెద్దది 739397.

ఆదిలాబాద్ అంత తేలిగ్గా లొంగదు. 504000 అనేది 2, 3, 5, 7 నాలుగింటితోనూ తెగుతుంది కాబట్టి, దాని పక్కనున్న 504001కి ప్రతిసారీ 1 మిగులుతుంది. ఇక 11 నుంచి మొదలెట్టాలి. ఎందాకా? వర్గమూలం దాకా చాలు. పెద్ద కారణాంకం ఉంటే దానికి జోడీగా చిన్నదొకటి ఉండి తీరాలి గదా. ఇక్కడ వర్గమూలం 710కి కాస్త తక్కువ. 709 దాకా భాగించినా ఏదీ తెగదు. 504001 ప్రధాన సంఖ్య.

అది తేలగానే ఇంకో సంగతి చేతికొస్తుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తం అవుతుందని, అదీ ఒకే ఒక్క విధంగానని 1640లో ఫెర్మా చెప్పాడు. నిరూపణకు ఆయిలర్ దాకా సుమారు వందేళ్లు ఆగాల్సొచ్చింది. మన 504001 = 415² + 576². 172225కు 331776 కలిపి చూసుకోండి. ఆ 576 మళ్లీ 24 వర్గం కావడం కొసరు. 505001ని 4తో భాగించినా 1 మిగులుతుంది గానీ, ఏ రెండు వర్గాలు కలిపినా అది రాదు. 4తో భాగిస్తే 3 మిగిలే 7, 19 దానిలో ఒక్కోసారే ఉన్నాయి, అవే అడ్డం.

బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో వాడే ప్రధాన సంఖ్యలకు సాధారణంగా 300కు పైగా అంకెలుంటాయి. ఇంత పెద్ద సంఖ్య ప్రధానమా కాదా అన్నది కంప్యూటర్ ఇట్టే చెబుతుంది. 2002లో ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా దీనికి ఎన్నడూ తప్పని పద్ధతి కనిపెట్టారు. అయితే అలాంటి రెండింటిని గుణించి లబ్ధం మాత్రమే చేతిలో పెడితే, దాన్ని త్వరగా విడదీసే ఉపాయం మామూలు కంప్యూటర్లకు ఇంకా దొరకలేదు. భద్రతంతా అక్కడే ఉంది. 2024 అక్టోబరులో బయటపడిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య రికార్డే గానీ రహస్యానికి పనికిరాదు. అందరికీ తెలిసిపోయిందిగా!

సిరిసిల్ల 505301, జగిత్యాల 505327 మీకు వదిలేస్తున్నాను. 504, 505తో మొదలయ్యే ఏ పిన్‌కోడ్‌కైనా 709 దాకా ఉన్న 127 ప్రధాన సంఖ్యలు ప్రయత్నిస్తే చాలు. మంచిర్యాల వాళ్లకు ఆ శ్రమ కూడా లేదు: 504208 సరి సంఖ్య.