వైఫై కొట్టే గంట

నేటి యుగం శాస్త్ర సాంకేతిక యుగమని వ్యాసరచన పోటీల్లో మనమందరం రాస్తూనే ఉంటాం. కానీ చేతిలోని ఫోనుకు వైఫై ఎలా దొరుకుతుందని ఎవరైనా అడిగితే "సిగ్నల్ వస్తుంది" అని ఊరుకుంటాం. ఆ సిగ్నల్ ఏమిటి, అందులో ఏముంటుంది, దాని సెట్టింగులు మారిస్తే ఏమవుతుంది అనే విషయాలను మన జూనియర్లకు అర్థమయ్యేలా చెప్పాలని సైన్సు విద్యార్థులమైన మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

బీకన్ అంటే ఏమిటి?

మన హాస్టల్లో గంట కొడితే అందరికీ వినబడుతుంది. ఎవరి పేరూ పెట్టి పిలవనవసరం లేదు. వైఫై రూటర్ కూడా అలాగే "నేనిక్కడ ఉన్నాను" అని ఎడతెగకుండా గంట కొడుతూ ఉంటుంది. ఆ చిన్న రేడియో సందేశాన్నే బీకన్ అంటారు. 1997లో ఐ.ఈ.ఈ.ఈ. సంస్థ ప్రకటించిన 802.11 ప్రమాణం ప్రకారం వైఫై పనిచేస్తుంది. ఇందులో కాలాన్ని 1024 మైక్రో సెకన్ల ముక్కలుగా లెక్కిస్తారు. రూటర్ సెట్టింగుల్లో "బీకన్ ఇంటర్వెల్ 100" అని కనబడితే అలాంటి 100 ముక్కలకు, అంటే 102.4 మిల్లీ సెకన్లకు ఒక బీకన్ అని అర్థం. సెకనుకు దాదాపు పది గంటలన్న మాట!

అందులో ఏముంటుంది?

మొదటిది నెట్‌వర్క్ పేరు. దీనికి 32 బైట్లకు మించి చోటు లేదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. సాధారణంగా వాడే యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, సున్న, పొల్లు కూడా విడిగా లెక్కకు వస్తాయి. అందువల్ల "వసతి గృహం" అనే పేరు 25 బైట్లలో ఇమిడిపోతుంది గాని, "సాంఘిక సంక్షేమ" అనే పేరుకు 40 బైట్లు కావాలి కనుక అది పట్టదు.

పేరుతో పాటు రూటర్ చిరునామా, దాని గడియారపు సమయం, అది పనిచేసే వేగాలు, ఏ రకమైన రక్షణ ఉన్నదీ బీకన్‌లో ఉంటాయి. ఇంకొక ముఖ్యమైన జాబితా కూడా ఉంటుంది. బ్యాటరీ ఆదా కోసం ఫోను తన వైఫై రేడియోను మధ్యమధ్య నిద్రపుచ్చుతుంది. ఆ సమయంలో వచ్చిన సమాచారాన్ని రూటర్ దాచి ఉంచి, ఎవరెవరికి వచ్చిందో బీకన్‌లో గుర్తు పెడుతుంది. గంట కొట్టి, ఉత్తరాలు వచ్చిన వాళ్ల పేర్లు చదివినట్లన్న మాట. ఫోను లేచి చూసుకుని, తన గుర్తు ఉంటే అడిగి తీసుకుంటుంది, లేకపోతే మళ్ళీ నిద్రపోతుంది.

అందరికీ కలిపి పంపే సందేశాలు ఎన్ని బీకన్లకు ఒకసారి రావాలో చెప్పే సెట్టింగు డి.టి.ఐ.ఎం. అది 1 అయితే ప్రతి బీకన్ తర్వాతా, 3 అయితే ప్రతి మూడో బీకన్ తర్వాతా వస్తాయి. అంకె పెరిగితే బ్యాటరీ కొంత మిగులుతుంది, సందేశం కొంత ఆలస్యమవుతుంది.

పేర్లు పెరిగితే నష్టమేమిటి?

ఒక ఛానెల్‌లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. దూరంగా ఉన్నవారికి కూడా వినబడాలని బీకన్‌ను నెమ్మది వేగంతో పంపుతారు. బీకన్ 300 బైట్లు ఉన్నదనుకుందాం. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో దానికి సుమారు 2.6 మిల్లీ సెకన్లు పడుతుంది. అంటే ఛానెల్ సమయంలో 2.5 శాతం. ఒకే రూటర్‌లో ఆఫీసుకొకటి, స్టాఫుకొకటి, విద్యార్థులకొకటి, అతిథులకొకటి అని 4 పేర్లు పెడితే 10 శాతం పోయినట్లే. దగ్గరదగ్గరగా ఒకే ఛానెల్‌లో అలాంటి రూటర్లు 5 ఉంటే సగం సమయం గంటలు కొట్టడానికే సరిపోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీన వందమంది ఒక్క రూటర్ మీద ఆధారపడే చోట ఇది చిన్న నష్టం కాదు. పేర్లు తగ్గించడం, 2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క రూటర్లను 1, 6, 11 ఛానెళ్లకు పంచడం దీనికి మందు. ఇంటర్వెల్‌ను మాత్రం 100 దగ్గరే ఉంచడం మేలు. బాగా పెంచితే ఫోన్లకు నెట్‌వర్క్ ఆలస్యంగా దొరుకుతుంది.

మూడు అపోహలు

ఒకటి: గీతలు నిండుగా ఉంటే ఇంటర్నెట్ ఉన్నట్లే. కాదు. బయటి కేబుల్ తెగినా రూటర్ గంట కొడుతూనే ఉంటుంది. గంట మోగినంత మాత్రాన అన్నం ఉడికినట్లు కాదు కదా!

రెండు: పేరు దాచేస్తే ఎవరికీ తెలియదు. ఇదీ తప్పే. పేరు స్థానం ఖాళీగా ఉన్నా బీకన్ వస్తూనే ఉంటుంది. పైగా ఆ పేరు దాచుకున్న ఫోన్లు అది ఉందా అని తామే పేరు పెట్టి అడుగుతాయి. రక్షణ ఇచ్చేది గట్టి పాస్‌వర్డే, దాచిన పేరు కాదు.

మూడు: తెలిసిన పేరు కనబడితే అది మనదే. ఇది అన్నిటికంటే ప్రమాదకరం. ఏ పేరుతోనైనా ఎవరైనా గంట కొట్టవచ్చు. పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్ అయితే పాస్‌వర్డ్ తెలియని మోసగాడి రూటర్‌తో ఫోను కలవదు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్ అయితే పేరు చూసి తనంతట తానే కలిసిపోవచ్చు. అందుకే బస్టాండుల్లో వాడిన ఉచిత వైఫై పేర్లను పని అయ్యాక ఫోను నుండి తీసివేయాలి. అలాంటి చోట ఏదైనా పేజీ ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఓటీపీ అడిగితే ఇవ్వకూడదు.

తండ్రి కూలి డబ్బుతో కొన్న ఫోను, ప్రభుత్వం వేసే స్కాలర్‌షిప్ ఖాతా, మన సర్టిఫికెట్ల నంబర్లు అన్నీ ఇప్పుడు ఈ గాలిలోనే ప్రయాణిస్తున్నాయి. సెట్టింగుల పేజీ ఇంజనీర్లకే అర్థమవుతుందని భయపడనక్కరలేదు. రూటర్ బాధ్యత చూసేవారి అనుమతితో, వారి పక్కన కూర్చుని ఒక్కసారి ఆ పేజీ చూడండి. బీకన్ ఇంటర్వెల్, డి.టి.ఐ.ఎం., ఛానెల్ అనే మాటలు ఇకమీదట మీకు కొత్తగా కనబడవని మా నమ్మకం.