పావు మిల్లీమీటరు కిడ్నీ

కిడ్నీలో గడ్డ వచ్చి ఆపరేషన్ చేసినప్పుడు తరచూ గడ్డ ఒక్కటే బయటికి రాదు. దానికి దూరంగా ఉన్న ఆరోగ్యకరమైన కణజాలమూ వెంట వస్తుంది. ఫిల్మ్‌నగర్‌లోని అపోలో మొదలుకొని జూబ్లీహిల్స్ చుట్టుపక్కల పెద్దాసుపత్రుల్లో ఇవి అలవాటైన ఆపరేషన్లే. పాథాలజీ పరీక్షకు కావలసింది తీసుకున్నాక మిగిలేది సాధారణంగా వ్యర్థాల కిందే పోతుంది. రోగి ఒప్పుకొని, ఎథిక్స్ కమిటీ అనుమతిస్తే, కొత్త మందు మనిషి కిడ్నీని దెబ్బతీస్తుందో లేదో ఆ మిగిలిన ముక్క మీదే ముందుగా చూడవచ్చు.

ముందుగా చూడడం ఎందుకంటే, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిందని తెలిసేసరికే కిడ్నీ తన శక్తిలో దాదాపు సగం కోల్పోయి ఉండవచ్చు.

రెండు కిడ్నీలూ కలిపి సుమారు 300 గ్రాములు. గుండె పంపే రక్తంలో ఐదో వంతు వాటికే వెళుతుంది. రోజుకు 180 లీటర్లు వడగట్టి, ఒకటి రెండు లీటర్లు తప్ప అంతా వెనక్కి తీసుకుంటాయి. ఈ పనిలో పెద్ద భారం వడపోత దాటగానే ఉండే వంపుల నాళికది. మందుల దెబ్బ ఎక్కువగా తగిలేదీ దానికే. దాని కణత్వచాల్లో తలుపుల్లాంటి ప్రోటీన్లుంటాయి. క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్ ఓసీటీ2 గుండా, హెచ్ఐవీ మందు టెనోఫోవిర్ ఓఏటీ1 గుండా రక్తం నుంచి లోపలికి చేరతాయి. జెంటామైసిన్ మూత్రం వైపు నుంచి మెగాలిన్‌ను పట్టుకొని దూరుతుంది. అలా చేరిన మందు కణంలో పేరుకుపోతుంది.

ఇవే కణాల్ని విడదీసి పళ్లెంలో పెంచితే కొద్ది రోజుల్లో ఆ ప్రోటీన్లు చాలామటుకు తగ్గిపోతాయి. మందు లోపలికే పోదు, కాబట్టి హాని కనిపించదు! ఎలుకల మీద చూద్దామంటే వాటి కిడ్నీలో ఓసీటీ2తో పాటు ఓసీటీ1 కూడా ఉంది. మనిషి కిడ్నీలో ఈ రకం తలుపుల్లో ప్రధానమైనది ఓసీటీ2 ఒక్కటే. కాబట్టి ఎలుకలో కనిపించింది మనిషికి వర్తించకపోవచ్చు.

అందుకే కణాల్ని విడదీయకుండా, ఆపరేషన్‌లో మిగిలిన కిడ్నీ ముక్కనే పలచని పొరలుగా కోస్తారు. థియేటర్ నుంచి వచ్చిన ముక్కను 4 డిగ్రీల చల్లని ద్రావణంలో ఉంచి, 1980లలో వాడుకలోకి వచ్చిన క్రమ్‌డీక్ యంత్రంతో సుమారు 250 మైక్రాన్ల మందాన, అంటే పావు మిల్లీమీటరున, తరుగుతారు. ఇంకా మందమైతే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. మరీ పలచనైతే కోతకు నలిగిన కణాలే ఎక్కువవుతాయి. 37 డిగ్రీల పోషక ద్రవంలో, ఆక్సిజన్ ఎక్కించి, మెల్లగా కదిలిస్తూ ఉంచితే పొర ఒకటి రెండు రోజులు బతుకుతుంది. అందులో మందు కలిపి, కణాల్లో శక్తినిచ్చే ఏటీపీ ఎంత పడిపోయిందో, దెబ్బతిన్న కణాల నుంచి ఎల్‌డీహెచ్ ఎంజైము ఎంత బయటికి కారిందో కొలుస్తారు. ఈ ఆలోచన పాతదే. 1950లోనే క్రాస్, టాగర్ట్ అనే శాస్త్రవేత్తలు కుందేలు కిడ్నీ పొరలు ఒక రసాయనాన్ని చుట్టూ ఉన్న ద్రవంలోకంటే ఎక్కువ గాఢతలో లోపల పోగేసుకోవడం చూపించారు.

అయితే పొరలో రక్తం పారదు, మూత్రం దిగదు. ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీకి రక్తప్రవాహాన్ని తగ్గించి చేసే కీడు ఇక్కడ పట్టుబడదు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల అందించిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో మూత్రనాళికల్లో స్ఫటికాలు కట్టి అడ్డుపడుతుంది. అదీ కనిపించదు. పొర ఒక్కటే చాలదు. దాని పక్కన, కిడ్నీ కణాల మీదుగా ద్రవం పారేలా చేసిన కిడ్నీ చిప్‌లు కూడా ఉండాలి.

2023 మార్చిలో కేంద్రం కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువుల మీద కాని ఇలాంటి పరీక్షలకూ చోటిచ్చింది. హబ్సిగూడలో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఉంది, దాని ఇంక్యుబేషన్ కేంద్రంలో మనిషి కణాల ఆధారంగా చేసే పరీక్షా నమూనాల మీద పనిచేసే విభాగమూ ఉంది. శామీర్‌పేట వైపు మందుల, జీవసాంకేతిక సంస్థలున్న జీనోమ్ వ్యాలీ ఉంది. రెండూ జూబ్లీహిల్స్‌లో తీసిన ముక్క చెడిపోకుండా చేరగల దూరంలోనే ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు రోగితో కూర్చొని తెలుగులో వివరించి సంతకం తీసుకునే మనిషి, థియేటర్ బయట ఐసు పెట్టెతో సిద్ధంగా ఉండే మరో మనిషి: ప్రతి పెద్దాసుపత్రిలో ముందు ఈ ఇద్దరినీ నియమించాలి.